ప్లగ్గులకి కుళ్ళాయిలు

మా ఆయన మొట్టమొదటి కుళ్ళాయి కుట్టింది మా ప్లగ్గుకే.

పెళ్ళయిన కొత్త. ఆయన తుమ్మినా నాకు ముద్దుగానే ఉండే రోజులు. మా కాపురం పడవలో. రేవులో కట్టేసి ఉన్న పాత పడవ; సముద్రంలోకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో దానికే గుర్తుండదు. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుపోవాలి. అలా అతుక్కుపోవాల్సి రావడం మాకు కష్టంగా ఏమీ అనిపించేది కాదు. మంచం మడిస్తే బల్ల, బల్ల విప్పితే మంచం. పొద్దున్నే నీళ్ళ మీది వెలుగు గుండ్రటి కిటికీలోంచి వచ్చి పైకప్పు మీద గిలగిల్లాడుతుంటే, టీ చల్లారిపోయేదాకా ఇద్దరం పడుకుని దాన్నే చూస్తుండేవాళ్ళం.

ఆయనది పడవల గుడ్డపని. ఎండకి కప్పే కాన్వాసు పరదాలు, సీట్ల గలీబులు, చినిగిన తెరచాపలకి అతుకులు. నేను కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి, ఈ రేవులో ఒడ్డు కరెంటు చూసే ఉద్యోగంలో చేరాను. కట్టేసిన పడవకి కరెంటు ఒడ్డు నుంచే రావాలి. ప్రతి పడవ ఎదురుగా జెట్టీ మీద నడుం ఎత్తు స్తంభం ఒకటి, దానికి సాకెట్టు. పడవ నుంచి బొటనవేలంత లావు కేబులు వచ్చి అందులో దిగుతుంది. ప్లగ్గు గుచ్చి, మెలితిప్పి, పైన రింగు బిగించాలి. కేబులు నీళ్ళలో వేలాడకూడదు, కాళ్ళ కింద పడకూడదు, పడవ ఊగినప్పుడు బిగుసుకోకూడదు. ప్లగ్గు పిన్నులు మెరుస్తుండాలి. నల్లబడ్డా, పచ్చబడ్డా ఆ ప్లగ్గు నా చేతికి రావాలి.

సాయంత్రం ఇంకో పని ఉంది. అందరూ పనుల నుంచి వచ్చి ఫ్రిజ్జులూ కెటిళ్ళూ నడిపే వేళకి నేను జెట్టీ పొడుగునా నడుస్తూ ఒక్కో ప్లగ్గుకీ చెయ్యి వెనకవైపు ఆనించి చూస్తాను. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చురుక్కుమంటే లోపలెక్కడో పట్టు చెడిందన్నమాట. మా రేవులో దీన్ని జ్వరం చూడటం అంటారు. ఆ పేరు పెట్టింది నర్సమ్మగారు.

ఆవిడ జెట్టీ కొసన, అన్నిటికన్నా చివరి పడవలో ఉంటుంది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక ఒక చెక్క పడవ కొనుక్కుని అందులోనే స్థిరపడిపోయింది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరూ పలకరించకపోతే, ఈవిడే పిలిచి కూర్చోబెట్టి అన్నం పెట్టింది. అప్పటినుంచీ నాకు పిన్ని. నేను రౌండుకి వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమే కరెంటమ్మా, రోగులంతా కులాసాయేనా?" అనేది.

"అందరూ కులాసాయే పిన్నీ, డాక్టరుకే ఆకలిగా ఉంది" అనేదాన్ని నేను.

ఇక కుళ్ళాయి సంగతి. ఒకరోజు గాలి ఎక్కువగా ఉండి అలల తుంపర జెట్టీ మీదికి కొడుతోంది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ప్లగ్గు వంకే చూస్తున్నాడు.

"పాపం, అది పొద్దస్తమానం తడుస్తోంది. నువ్వేమో దాన్ని బంగారంలా చూసుకుంటావు."

"దానికి పైన మూత ఉందిలే."

"ఆ రేకు ముక్కా? పసిపిల్లకి పళ్ళెం బోర్లించినట్టుంది."

మర్నాడు నేను పని నుంచి వచ్చేసరికి మా ప్లగ్గుకి కుళ్ళాయి ఉంది. మిగిలిపోయిన నీలం కాన్వాసుతో కుట్టాడు. లోపల మెత్తగా స్పాంజి అస్తరు. నెత్తిన ఎర్రగుడ్డ కుచ్చు. గడ్డం కింద ముడి వేసినట్టు కేబులు కింద తాడు ముడి. పసిపిల్ల కుళ్ళాయే, కాకపోతే పిల్ల స్థానంలో ప్లగ్గు. నేను జెట్టీ మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

"ఇన్‌స్పెక్టరమ్మగారు పాస్ చేస్తారా?" అన్నాడు చేతులు కట్టుకుని.

"పాస్!" అన్నాను, బుగ్గ మీద ముద్ర కూడా వేశాను.

రెండు పడవల అవతల రేడియో బాబాయి ఉంటాడు. ఆయన చెవిన పడిన సంగతి జెట్టీ అంతా వినపడుతుంది కాబట్టి ఆ పేరు. మర్నాడే వచ్చి, "మాదీ చలికి వణుకుతోందయ్యా, దానికీ ఒకటి కుట్టిపెట్టు" అన్నాడు. ఆ వెనకే పిన్ని వచ్చింది. "నాకు పసుపుపచ్చది కావాలి అల్లుడూ. కొసన ఉంటానేమో, అలలన్నీ నా మీదే. కుచ్చు కాస్త పెద్దది పెట్టు."

ఆవిడ అల్లుడూ అనగానే అందరికీ అల్లుడైపోయాడు. అంతకుముందు మా ఆయన ఇక్కడ ఉత్త కరెంటమ్మ మొగుడే. ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక మిషను ముందే కూర్చుండిపోయేవాడు. కుళ్ళాయిలు మొదలయ్యాక, "ఇవాళ ముగ్గురు టీకి పిలిచారు, ఎవరింటికి వెళ్ళను?" అని వచ్చి నన్ను అడిగాడు. ఆ అడిగినప్పటి ముఖం చూసి నాకు నిలువెల్లా సంతోషం. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. గుడ్డ తనది, దారం తనది, అల్లుడి హోదా వాళ్ళది.

కొన్ని వారాల్లో జెట్టీ పొడుగునా రంగురంగుల కుళ్ళాయిలు. సాయంత్రం రౌండులో ఒక్కో ముడీ విప్పి మళ్ళీ కట్టడం ఎందుకని నేను కుళ్ళాయి మీదే తట్టి ముందుకు పోయేదాన్ని. ఇంట్లో ఆయన పొయ్యి వెలిగించి ఉంటాడు, నా కాళ్ళకి తొందర. రోగులంతా చల్లగానే ఉన్నారు. "రేవులో ఇంత ఆరోగ్యం నేను ఎప్పుడూ చూడలేదు" అని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఒక సాయంత్రం కొసకి చేరేసరికి కాలిన వాసన. పసుపు కుళ్ళాయి ముడి విప్పి చూద్దును కదా, ప్లగ్గు ఒక పక్క కరిగి కిందికి జారి ఉంది. ముందు స్తంభం మీది స్విచ్చి కట్టేశాను. పిన్ని పడవలో లైటు ఆరిపోయింది.

పిన్ని పడవ పక్కనే జెట్టీ కుళాయి. ఆ వేళకి నీళ్ళు పట్టుకునేవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏమైందే?"

"ప్లగ్గు కాలిపోయింది పిన్నీ. ఏం పెట్టారు?"

"ఏం పెడతాను? ఫ్రిజ్జు, ఒక లైటు. ఇప్పుడే టీకి కెటిలు."

"హీటరు?"

"పోయిన వానల్లో నువ్వు ఎర్ర బిళ్ళ తగిలించావు చూడు, ఆ వారమే దాన్ని ఎవరికో ఇచ్చేశాను."

అది నిజమే. మోకాళ్ళ నొప్పులకని ఆవిడ అప్పట్లో ఒక పెద్ద హీటరు తెచ్చి ఇంటి ఎక్స్‌టెన్షను బోర్డుకి తగిలిస్తే నేనే పట్టుకున్నాను. ప్రమాదకరమైన కనెక్షను ఉన్న స్తంభానికి ఎర్ర బిళ్ళ వేలాడదీసి కరెంటు ఆపేయాలి. ఏడాదిలో రెండోసారి బిళ్ళ పడితే ఆ చోటు ఖాళీ చేయాలి. అది రేవు రూలు. చోటు కోసం వరసలో ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

"ప్లగ్గు ఊరికే కాలదు పిన్నీ" అన్నాను.

"కాలింది మరి."

"మళ్ళీ హీటరు పెట్టుకున్నారు కదూ? నొప్పి తట్టుకోలేక పెట్టుకుని ఉంటారు. చెప్తే పోయేదేముంది, అబద్ధం ఎందుకు?"

కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ కట్టలేదు.

"నేను అబద్ధమాడుతున్నానంటావా?" అంది ఆవిడ.

"నేను అనట్లేదు. మీ ప్లగ్గే చెప్తోంది."

రేడియో బాబాయి కిసుక్కుమన్నాడు. వెనక ఇంకెవరో నవ్వారు. మంచి మాట తట్టింది అనిపించి నాకూ పెదాల చివర నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఆవిడ చూసింది.

"సరేనమ్మా" అంది. "మీ పని మీరు చేసుకోండి."

ఆవిడ నన్ను మీరు అనడం అదే మొదలు. నేను ఎర్ర బిళ్ళ తీసి స్తంభానికి కట్టాను.

ఇంటికి వెళ్ళి మా ఆయనకి అంతా చెప్పాను. ప్లగ్గే చెప్తోంది అన్న మాట దగ్గర కాస్త ఆగి చెప్పాను, నవ్వుతాడని. నవ్వాడు కూడా. తర్వాత పళ్ళాలు తీస్తూ అడిగాడు.

"మరి ఆవిడ ఎక్కడికెళ్తుంది?"

"వేరే రేవు చూసుకుంటారు."

"ఆ పడవ అంతదూరం నడుస్తుందా?"

"నన్నేం చేయమంటావు? రూలు నేను రాయలేదు. శనివారం రేవు ఆఫీసరుగారు వస్తారు, ఆయన చూసుకుంటారు."

"నిన్నేమీ అనలేదు బంగారం. అడిగానంతే."

మర్నాడు నాకు మధ్యాహ్నం దాకా సెలవు. ఆయన మిషను మీద కొత్త కుళ్ళాయి కుడుతున్నాడు, నేను పక్కన కూర్చుని కుచ్చులు కడుతున్నాను. మిషను కుడుతూ కుడుతూ నత్తి కొట్టింది. ఆగి, మళ్ళీ కదిలింది. ఫ్యాను కూడా ఒక్కసారి నీరసపడి లేచింది.

"దీనికి నీ మీద కోపం వచ్చినట్టుంది" అన్నాడు.

"నేను బుజ్జగిస్తానుండు" అని నవ్వుకుంటూ బయటికి వెళ్ళాను. స్విచ్చి కట్టి, ఎర్ర కుచ్చు పక్కకి తోసి, ముడి విప్పాను. కుళ్ళాయి చేతికి బరువుగా తగిలింది. పిండితే అంట్లగుడ్డ పిండినట్టు నీళ్ళు కారాయి. నాలిక చివర అంటించుకుంటే ఉప్పు.

ప్లగ్గు లాగాను. మూడు పిన్నులూ పాచి పట్టినట్టు పచ్చగా ఉన్నాయి. ఒకటి మొదట్లో గోధుమరంగు తిరిగింది. సాకెట్టు నోటి చుట్టూ అదే రంగు మచ్చ.

మా పడవలో హీటరు లేదు. కుట్టుమిషను, ఫ్యాను, ఒక చిన్న లైటు.

సాకెట్టు చేసినవాళ్ళు దాని అడుగున చిన్న కంత ఒకటి ఉంచుతారు. లోపలికి వెళ్ళిన తడి కారిపోవడానికి, కాస్త గాలి ఆడటానికి. మా ఆయన వేసిన అందమైన ముడి సరిగ్గా ఆ కంత మీద కూర్చుంది. కేబులు వెంట దిగిన తుంపరంతా స్పాంజి తాగింది. తాగినదాన్ని వదలకుండా ప్లగ్గుకి ఒత్తిపెట్టి ఉంచింది. ఉప్పు తడికి పిన్ను పచ్చబడుతుంది. పచ్చబడితే పట్టు చెడుతుంది. పట్టు చెడితే ఫ్రిజ్జు, కెటిలు లాంటి మామూలు లోడుకి కూడా వేడెక్కుతుంది. ఇది కాలేజీలో మొదటి ఏడాది పాఠం. పైనుంచి తడితే ఆ వేడి చేతికి తగలదు, మధ్యలో స్పాంజి ఉందాయె.

పక్క పడవది విప్పాను. పచ్చగా ఉంది. రేడియో బాబాయిది విప్పాను. పచ్చన, ఒక పిన్ను నల్లన. ఆ తర్వాతది విప్పడానికి చేతులు రాలేదు. జెట్టీ మీద అలాగే కూర్చుండిపోయాను. తప్పు తేలినప్పుడు ఒళ్ళు చల్లబడుతుందని విన్నాను గానీ, నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. నిన్న ఇదే జెట్టీ మీద నిలబడి నేను అన్న మాట, నా గొంతుతోనే, ఆ కులుకుతోనే మళ్ళీ వినపడుతోంది.

మా ఆయన గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకునే బయటికి వచ్చాడు. నా ఒళ్ళో తడి కుళ్ళాయిలు చూశాడు. ఒకటి తీసుకుని పిండాడు. నీళ్ళు చెక్కల సందుల్లోంచి కిందికి పడటం చూస్తూ నిలబడ్డాడు. సూదులు ఒక్కొక్కటీ తీసి చొక్కా అంచుకి గుచ్చుకున్నాడు.

"ఇది నేను కుట్టినందువల్లేనా?"

"నేను పాస్ చేసినందువల్ల."

"నర్సమ్మగారిది కూడా?"

"ఆవిడది ముందు కాలింది. కొసన తుంపర ఎక్కువ కదా."

ఆయన పక్కన కూర్చున్నాడు. మామూలుగా అయితే భుజాలు తగిలేలా కూర్చుంటాడు. ఇప్పుడు మధ్యలో కుళ్ళాయిలు ఉన్నాయి.

నేనే అన్నాను. "ఉతికిస్తామని చెప్పి అన్నీ తెచ్చేసుకుందాం. ఉతికాక కుదించుకుపోయాయని చెప్దాం. పిన్నులు నేను శుభ్రం చేసేస్తాను, చెడ్డవి మార్చేస్తాను. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. నీ పేరు కూడా రాదు."

"ఆవిడ సంగతి?"

"ఆఫీసరుగారితో నేను మాట్లాడతాను. పెద్దావిడ, ఈసారికి వదిలేయండి అంటాను. నా మాట వింటారు."

"వదిలేయండి అంటే?" అన్నాడు. "హీటరు పెట్టుకుంది, పోనీ క్షమించండి అనేనా?"

నేను ఒక కుళ్ళాయి తీసుకుని మళ్ళీ పిండాను.

"పెట్టుకోని హీటరుకి ఆవిడ జన్మంతా నీకు దణ్ణం పెట్టాలన్నమాట."

ఆయన కోపంగా అనలేదు. నిజంగా లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు. నేను చేయాలనుకున్నది ఆయన నోట వినేసరికి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిన్న చేసింది తెలియక చేశాను. ఇవాళ తెలిసి చేయబోయాను.

"ఇక నిన్ను ఎవరూ అల్లుడూ అని పిలవరు" అన్నాను.

"పిలవకపోతే నా మిషను ఉండనే ఉంది" అన్నాడు. ముఖం మాత్రం ఆ మాట అనట్లేదు.

ముందు ఇద్దరం కలిసి పడవ పడవకీ వెళ్ళి, శనివారం దాకా కరెంటు వాడొద్దని చెప్పి స్విచ్చిలు కట్టేశాం. ఎందుకని అడిగినవాళ్ళకి, మా వల్ల తప్పు జరిగింది, ఆఫీసులో చెప్తాను అన్నాను. పిన్ని పడవ తలుపు వేసి ఉంది. తట్టాను. తీయలేదు.

శనివారం రేవు ఆఫీసు గది కిటకిటలాడింది. మంచులేని ఫ్రిజ్జులతో అందరూ చిరాగ్గా ఉన్నారు. బల్ల మీద పిన్ని ప్లగ్గు ప్లాస్టిక్ సంచిలో ఉంది. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని వచ్చి ఆ ప్లగ్గు ఎదురుగా కూర్చుంది.

"రెండో బిళ్ళ కదండీ" అన్నాడు ఆఫీసరుగారు, ఇబ్బందిగానే. "రూలు మీకూ తెలుసు. ఏమైనా చెప్పుకుంటారా?"

"చెప్పాల్సింది మొన్నే చెప్పాను" అంది. "నమ్మలేదు. రెండోసారి చెప్తే నిజం లావెక్కుతుందా?"

నేను ముందుకి వెళ్ళి కుళ్ళాయిలు బల్ల మీద పెట్టాను. అవి ఇంకా తడిగానే ఉన్నాయి, బల్ల మీది గుడ్డ తడిసింది. వాటి పక్కన మా ప్లగ్గు పెట్టాను. స్పాంజి, ముడి, కంత, పచ్చ, అన్నీ చెప్పాను. "పిన్నిగారు ఏ తప్పూ చేయలేదండి. మాదే" అన్నాను. ఇంట్లో అద్దం ముందు అనుకున్నప్పుడు ఇది పెద్ద మాటలాగా ఉంది. అక్కడ అనేసరికి ముగింపు లేని మాటలాగా వేలాడింది.

ముందు రేడియో బాబాయి తేరుకున్నాడు. "అంటే అల్లుడు జెట్టీ మొత్తానికీ టోపీ పెట్టాడన్నమాట!"

గదంతా ఘొల్లుమంది. మా ఆయన కూడా నవ్వబోయి, సగంలో ఆపి, తన చెప్పుల వంక చూసుకున్నాడు. నాకు బాబాయి మీద మండిపోవాలి. మండలేదు. మొన్న కుళాయి దగ్గర నేను అన్న మాటకీ దీనికీ తేడా ఏమిటో వెతికితే కనపడలేదు. అవతలివాళ్ళు నోరెత్తలేని చోట నవ్వించడమేగా రెండూ.

ఆఫీసరుగారు నవ్వలేదు. "అమ్మా, రోజూ ఇన్‌స్పెక్షన్ చేసేది మీరే కదా. వీటి కింద చూడలేదా?"

"చూడలేదండి."

"ఎందుకని?"

నిజం ఏమిటంటే, అవి చాలా బాగున్నాయి. మా ఆయన కుట్టాడు. వాటి మీద చెయ్యి వేస్తే నాకు ఇల్లు గుర్తొచ్చేది. ఇందులో ఏ ముక్కా ఆఫీసులో చెప్పేది కాదు. అయినా ఇంకేం దొరక్క, "బాగున్నాయనిపించిందండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఎర్ర బిళ్ళ రద్దయింది. పిన్ని చోటు పిన్నిదే. ప్లగ్గులన్నీ విప్పి చూసి చెడ్డవి మార్చాలి. కొన్నాళ్ళపాటు నేను చేసిన పని మీద అవతలి జెట్టీ ఎలక్ట్రీషియను మళ్ళీ చెయ్యి పెట్టి చూడాలి. ఆఫీసరుగారు ఇవన్నీ చెప్పి లేచారు.

నేను పిన్ని దగ్గరికి వెళ్ళాను. "పిన్నీ, ముందు మీదే మారుస్తాను. కొత్త ప్లగ్గు తెచ్చి ఉంచాను."

"ఆ అవతలాయన్ని పంపండి" అంది ఆవిడ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

"నేను చేస్తాను పిన్నీ."

"వద్దండీ."

ఆ మధ్యాహ్నం వచ్చిన అవతలి జెట్టీ ఎలక్ట్రీషియను మాటలు తక్కువ మనిషి. కాలిన మొన కోసేసి, లోపల రాగి తళతళలాడేదాకా తీగలు వెనక్కి ఒలిచాడు. ఒక్కో తీగ దాని దాని చోట పెట్టి స్క్రూ బిగించి, లాగి చూశాడు. నేను పక్కన నిలబడి ఆయన అడిగిన పనిముట్టు అందిస్తున్నాను. నా రేవులో, నా స్తంభం దగ్గర. నీళ్ళకి వచ్చినవాళ్ళు బిందెలు దించుకుని చూస్తున్నారు. పడవలో మెయిను కట్టి ఉందని చూసుకుని, ముందు పడవ వైపు తగిలించి, తర్వాత స్తంభం వైపు గుచ్చి, మెలితిప్పి, రింగు బిగించాడు. ఆఖరున స్విచ్చి వేశాడు. లోపల ఫ్రిజ్జు గుర్రుమని లేచింది. అంత అవమానంలోనూ ఆ చప్పుడుకి నాకు ప్రాణం లేచొచ్చింది.

"పిన్నీ" అన్నాను. నలుగురికీ వినపడేలాగే అన్నాను. "మొన్న ఇక్కడే మిమ్మల్ని అబద్ధమాడారన్నాను. మీరు ఆడలేదు. నేను చూడకుండా అన్నాను. తప్పయిపోయింది."

ఆవిడ గుమ్మంలో నిలబడి నా వంక కాకుండా ఫ్రిజ్జు వంక చూస్తోంది.

"ఆ రోజు మీరు వెళ్ళాక పడవంతా వెతుక్కున్నానండీ" అంది మామూలు గొంతుతో. "చీకట్లో టార్చి పెట్టుకుని. మంచం కింద, బట్టల కింద. అంత గట్టిగా చెప్పారే, చదువుకున్నవారు, నాకు కావలసినవారు. హీటరు నిజంగానే పెట్టుకుని మర్చిపోయానేమో అనుకున్నా. వయసు కదా. మతి గానీ పోతోందేమోనని."

కుళాయి దగ్గర ఎవరో బిందె ఎత్తుకుని మెల్లగా వెళ్ళిపోయారు. ఇంకొకరు వెళ్ళారు. రేడియో బాబాయి కూడా చెప్పులు చప్పుడు కాకుండా నడిచాడు.

అబద్ధాలకోరు అన్నానని కుమిలిపోతున్నాను నేను. ఆవిడ నా మాటని అంతకన్నా లోతుకి తీసుకెళ్ళి, తనని తానే అనుమానించుకుంది. దానికి తప్పయిపోయిందన్న మాట ఎక్కడా ఆనదు. నాకు ఏడుపు వస్తే బాగుండుననిపించింది. అదీ రాలేదు. వచ్చి ఉంటే ఆవిడే ఓదార్చాల్సి వచ్చేది.

"అల్లుడుగారూ" అని పిలిచింది ఆవిడ. మా ఆయన ఎక్కడో వెనక నిలబడ్డాడు. "ఈ పరదా అంచు ఊడిపోయింది. చూసిపెడతారా?"

ఆయన నా వంక చూశాడు. వెళ్ళమని తల ఊపాను. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు.

అవతలి జెట్టీ ఎలక్ట్రీషియను వెళ్ళిపోయాడు. నేను పక్క పడవ స్తంభం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పచ్చబడ్డ ప్లగ్గు విప్పి, కొత్తది బిగించడం మొదలుపెట్టాను. పిన్ని కిటికీ తెరిచే ఉంది. లోపల కత్తెర చప్పుడు. కెటిలు మరుగుతున్న చప్పుడు. కాసేపు ఇద్దరూ గుడ్డల గురించి ఏదో మాట్లాడుకున్నారు.

"పొద్దున్నుంచీ మీ ఆవిడ ఏమైనా తిందా?" అంది పిన్ని.

"లేదండీ" అన్నాడు మా ఆయన.

కప్పులో టీ పోసిన చప్పుడు.

"తినమని చెప్పండి."

నేను తల ఎత్తలేదు. చేతిలో స్క్రూ ఎప్పుడో బిగిసిపోయింది. అయినా బిగిస్తూనే ఉన్నాను.